పాత కంప్యూటర్‌లో లినక్స్ : హార్డ్ డిస్క్ పహాణీ చదవడం ఎలా?

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ. చివరి సంవత్సరం

మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకు కొత్త కంప్యూటర్లు రావడం తక్కువ. ఏదో ఆఫీసులో పదేళ్ళు వాడి పక్కన పెట్టినవో, చదువు ముగించుకొని వెళ్ళిన అన్నలు ఇచ్చిపోయినవో వస్తుంటాయి. 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, లోపల విండోస్ 7. ఆ విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ బ్రౌజర్ కొత్త వెర్షన్లు 2023 ఫిబ్రవరి నుండి దానిమీద పనిచేయడం లేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఈ పాత యంత్రాలలో అవి ఉండవు. కనుక స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టుకోవడానికో, హాల్ టికెట్ తీసుకోవడానికో వీటిని ఇంకొన్నేళ్ళు నడపాలంటే ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవడమే మంచి దారి.

లినక్స్ వేయడం పెద్ద విద్య కాదు. పెన్‌డ్రైవ్ పెట్టి, అడిగినవాటికి జవాబులు చెబుతూ పోతే అరగంటో గంటో పడుతుంది. కానీ మధ్యలో ఒక తెర వస్తుంది. "డిస్కును ఎక్కడ, ఎలా పంచాలి?" అని అడుగుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేదా తొందరపడి "ఎరేజ్ డిస్క్" నొక్కేస్తారు. లోపల ఏమీ లేని డిస్కు అయితే అలా నొక్కడమే సులువు, తప్పేమీ లేదు. అటువంటివారికి ఈ వ్యాసంతో పని లేదు. కానీ హాస్టల్ కంప్యూటర్లలో డి డ్రైవ్ అంటే ఉమ్మడి ట్రంకు పెట్టె. ఎవరెవరివో కుల, ఆదాయ ధ్రువపత్రాల స్కాన్లు, పదో తరగతి మెమోలు, అన్నల ప్రాజెక్టు రిపోర్టులు అందులో ఉంటాయి. ఒక్కోసారి వాటికి ఇంకో కాపీ ఎక్కడా ఉండదు. అందుకే ఆ తెర దగ్గర ఏం చేయాలో తమ్ముళ్ళకు కొంచెం వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ఒక మాట. మన సంచిక మొత్తం తెలుగులోనే అచ్చవుతుంది కనుక కంప్యూటర్ ఆజ్ఞలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి.

డిస్కులో రిజిస్టర్

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పహాణీ అనీ, అడంగల్ అనీ చెప్పుకునే రిజిస్టర్ మీకు తెలుసు. పొలం లేని ఇళ్ళవాళ్ళకు కూడా తెలుసు. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, ఎవరి సాగులో ఉంది అన్నది అందులో ఉంటుంది. హార్డ్ డిస్కుకు కూడా అలాంటిదే ఒకటి ఉంది. డిస్కును పొలం అనుకుంటే పార్టిషన్లు అందులోని మళ్ళు. ఏ మడి ఎక్కడ మొదలై ఎంతవరకు ఉందో డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లో రాసి ఉంటుంది.

ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. మొదటి 446 బైట్లలో కంప్యూటర్‌ను నిద్ర లేపే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. తరువాతి 64 బైట్లే మన రిజిస్టర్. చివరి రెండు బైట్లు "ఇది సరైన సెక్టారే" అని చెప్పే ముద్ర. దీనినే మాస్టర్ బూట్ రికార్డ్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు. ఒక్కో పార్టిషన్ వివరం రాయడానికి 16 బైట్లు కావాలి. 64ను 16తో భాగిస్తే నాలుగు. కాబట్టి ఆ రిజిస్టర్‌లో నాలుగు వరుసలే ఉంటాయి, ఐదో వరుసకు చోటు లేదు. ఈ పద్ధతి 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. ఆనాటి ఐబీఎం ఎక్స్‌టీ కంప్యూటర్ హార్డ్ డిస్క్ మొత్తం 10 ఎంబీ. ఆ కొద్ది చోటుకు నాలుగు మళ్ళు చాలా ఎక్కువ అనుకొని ఉంటారు. ఆ నిర్ణయం ఇప్పటికీ మన పాత కంప్యూటర్ల మెడకు చుట్టుకొని ఉంది.

ఇందులో బాగా గుర్తు పెట్టుకోవలసింది ఏమిటంటే, రిజిస్టర్ వేరు, పొలం వేరు. పార్టిషన్ డిలీట్ చేస్తే రిజిస్టర్‌లో ఒక వరుస చెరిగిపోతుంది, అంతే. మట్టి అక్కడే ఉంటుంది, ఫైళ్ళు అక్కడే ఉంటాయి. ఆ చోట కొత్తగా ఫార్మాట్ చేసి రాయడం మొదలు పెడితే మాత్రం దుక్కి దున్నినట్లే. "హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది వేయాలి" అని రిపేరు షాపులో చెప్పే కేసులలో కొన్నిటిలో పోయింది ఈ 64 బైట్లే. డబ్బు కట్టేముందు ఒకసారి మీరే చూసుకోవడం మంచిది.

చూడటం ఎలాగంటే, లినక్స్ మింట్ వంటిదాన్ని పెన్‌డ్రైవ్ మీద నుండే, ఇన్‌స్టాల్ చేయకుండా నడపవచ్చు. అలా నడిపి జీపార్టెడ్ అనే ప్రోగ్రాం తెరవండి. డిస్కు బొమ్మ పట్టీలాగా కనిపిస్తుంది. "వ్యూ"లో "డివైస్ ఇన్ఫర్మేషన్" పెడితే పార్టిషన్ టేబుల్ ఏ రకమో చెబుతుంది. ఎంఎస్‌డాస్ అని ఉంటే మనం చెప్పుకున్న ఎంబీఆర్. జీపీటీ అని ఉంటే కొత్త పద్ధతి. అందులో మామూలుగా 128 వరుసలు ఉంటాయి, నాలుగింటి గొడవ లేదు. తరువాత టెర్మినల్‌లో "సుడో ఎస్‌ఎఫ్‌డిస్క్ -డీ /డెవ్/ఎస్‌డీఏ" అని కొట్టండి. ప్రతి పార్టిషన్ ఏ సెక్టార్‌లో మొదలై ఎన్ని సెక్టార్లు ఉందో అంకెలతో సహా వస్తుంది. దానిని ఒక ఫైలులో దాచి ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ఒక కాగితం మీద కూడా రాసుకోండి. రేపు రిజిస్టర్ చెడిపోతే ఈ అంకెలతో తిరిగి రాయవచ్చు. ఇది లేకుండా జీపార్టెడ్‌లో ఒక్క బటన్ కూడా నొక్కవద్దని నా సలహా.

ఇక్కడే ఇంకొకటి చూడాలి. ఏది డిస్కు, ఏది పెన్‌డ్రైవ్? ఎస్‌డీఏ అంటే ఎప్పుడూ హార్డ్ డిస్కే అనుకోకండి. కొన్ని యంత్రాలలో పెన్‌డ్రైవ్‌కు ఆ పేరు వస్తుంది. సైజును బట్టి పోల్చుకోవాలి. 160 జీబీ డిస్కు 149 అని చూపిస్తుంది. దొంగ లెక్కేమీ కాదు, కంపెనీలు వెయ్యితో హెచ్చిస్తాయి, కంప్యూటర్ 1024తో లెక్కిస్తుంది.

ఖాళీ ఉన్నా "అన్‌యూజబుల్"

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. సి డ్రైవ్‌ను కుదించి 40 జీబీ ఖాళీ చేస్తారు. లినక్స్ ఇన్‌స్టాలర్ ఆ ఖాళీని "అన్‌యూజబుల్" అంటుంది. చోటు ఉంది కదా, ఎందుకు పనికిరాదు? రిజిస్టర్‌లో వరుస లేదు కాబట్టి. విండోస్ 7 తనకోసం 100 ఎంబీల "సిస్టం రిజర్వ్‌డ్" ఒకటి పెట్టుకుంటుంది, తరువాత సి, తరువాత డి. లాప్‌టాప్ అయితే కంపెనీవాళ్ళ రికవరీ పార్టిషన్ ఒకటి. నాలుగూ నిండిపోయాయి.

ఇక్కడ కొందరు విండోస్‌లోకి వెళ్ళి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఐదో పార్టిషన్ చేయబోతారు. అప్పుడు అది "డిస్కును డైనమిక్ డిస్కుగా మారుస్తాను" అని అడుగుతుంది. దయచేసి "ఎస్" అనకండి. ఆ తరువాత లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఆ డిస్కు అర్థం కాదు. తిరిగి మామూలు డిస్కుగా మార్చాలంటే వాల్యూములన్నీ తొలగించమని విండోస్ అడుగుతుంది. ట్రంకు పెట్టె మొత్తం ఖాళీ చేయడమన్నమాట.

దారి ఏమిటంటే, నాలుగింటిలో ఒక వరుసను ఖాళీ చేసి, ఆ వరుసలో "ఎక్స్‌టెండెడ్" పార్టిషన్ పెట్టాలి. ఒకే సర్వే నంబరును 4/1, 4/2, 4/3 అని సబ్ డివిజన్ చేసినట్లు, ఎక్స్‌టెండెడ్ లోపల ఎన్నో "లాజికల్" పార్టిషన్లు చేసుకోవచ్చు. లినక్స్‌లో వీటి నంబర్లు ఎప్పుడూ 5 నుండి మొదలవుతాయి. పైన మూడే ఉన్నా మొదటి లాజికల్‌ది ఎస్‌డీఏ5 అవుతుంది, కంగారు పడనక్కరలేదు. లినక్స్ లాజికల్ పార్టిషన్‌లో హాయిగా నడుస్తుంది.

మరి ఏ వరుసను వదులుకోవాలి? 100 ఎంబీలదే కదా అని సిస్టం రిజర్వ్‌డ్ తీసేయకండి. విండోస్‌ను లేపే ఫైళ్ళు అందులోనే ఉంటాయి. లాప్‌టాప్‌లో కంపెనీ టూల్స్ అనే చిన్న పార్టిషన్ ఉంటే అదే మొదట వదులుకోదగ్గది. వచ్చే చోటు తక్కువే అయినా మనకు కావలసింది వరుస. మద్దతే లేని విండోస్ 7ను తిరిగి వేసే రికవరీ పార్టిషన్ కూడా నా దృష్టిలో పెద్ద నష్టం కాదు. ఇవేవీ లేకపోతే డి డ్రైవ్‌ను బయటి డిస్కులోకి పూర్తిగా కాపీ చేసి, కాపీ అయిన ఫైళ్ళలో పది పన్నెండు తెరిచి చూసి, ఆ తరువాతే డిని తొలగించి, ఆ చోట ఎక్స్‌టెండెడ్ చేసి, దాని లోపల మళ్ళీ డి, పక్కన లినక్స్ పెట్టుకోవాలి. ఒక నియమం ఉంది: ఎక్స్‌టెండెడ్ మొత్తం ఒకే ముక్కగా ఉండాలి. సి పక్కన 20, డి అవతల 20 ఖాళీ ఉంటే రెండూ కలవవు.

జీపార్టెడ్‌లో ఎక్స్‌టెండెడ్ పక్కన తాళంచెవి గుర్తు కనిపించి, దేనినీ మార్చనివ్వకపోతే కారణం చిన్నది. డిస్కులో పాత లినక్స్ తాలూకు స్వాప్ పార్టిషన్ ఉంటే పెన్‌డ్రైవ్ లినక్స్ దానిని తనంతట తానే వాడటం మొదలు పెడుతుంది. దానిమీద రైట్ క్లిక్ చేసి "స్వాప్ ఆఫ్" అంటే తాళం ఊడుతుంది.

గట్టు జరగనంటే

సి డ్రైవ్‌లో 60 జీబీ ఖాళీ ఉన్నా విండోస్ "3 జీబీ మాత్రమే కుదించగలను" అంటుంది. డ్రైవ్ చివరి భాగంలో కదలని ఫైళ్ళు కూర్చొని ఉంటాయి: పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, సిస్టం రీస్టోర్ కాపీలు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పవర్‌సీఎఫ్‌జీ -హెచ్ ఆఫ్" కొట్టండి. పేజ్ ఫైల్, సిస్టం రీస్టోర్ తాత్కాలికంగా ఆపండి. రీస్టార్ట్ చేసి డీఫ్రాగ్ చేయండి. అప్పుడు కుదించండి. చాలావరకు ఒప్పుకుంటుంది.

జీపార్టెడ్‌తో కుదిస్తుంటే పసుపు త్రికోణం గుర్తు కనిపించవచ్చు. విండోస్ సరిగా షట్ డౌన్ కాలేదనో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో తప్పులున్నాయనో దాని అర్థం. బలవంతంగా దాటవద్దు. విండోస్‌లోకి వెళ్ళి "సీహెచ్‌కేడిస్క్ సీ: /ఎఫ్" నడిపి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, సరిగా ఆపి రండి. విండోస్ 8, 10 ఉన్న యంత్రాలలో "ఫాస్ట్ స్టార్టప్" వల్ల షట్ డౌన్ చేసినా సగం నిద్రలోనే ఉంటుంది. పైన చెప్పిన పవర్‌సీఎఫ్‌జీ ఆజ్ఞ దాన్ని కూడా ఆపుతుంది.

కుడివైపు గట్టును లోపలికి జరపడం సాధారణంగా తొందరగా అయ్యే పని. ఎడమవైపు గట్టును, అంటే పార్టిషన్ మొదలును, జరపడం వేరే సంగతి. లోపలి డేటా అంతా ఎత్తి పక్కకు పోయాలి. పాత డిస్కు మీద గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే సగం అటు, సగం ఇటు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోకండి. లాప్‌టాప్ అయినా బ్యాటరీ ఎంత సేపు నిలుస్తుందో చూసుకొని చేయండి.

డిస్కు మొత్తం ఖాళీగా కనిపిస్తే

విండోస్ బాగానే నడుస్తుంది. జీపార్టెడ్ మాత్రం డిస్కంతా "అన్‌ఎలొకేటెడ్" అని చూపిస్తుంది. ఇది చూసి భయపడేవారున్నారు. ఖాళీయే కదా అని ఇన్‌స్టాల్ కొట్టేవారు ఇంకా ప్రమాదం. పొలం ఖాళీ కాదు, రిజిస్టర్‌లో తగాదా ఉంది. రెండు కారణాలు ముఖ్యం.

మొదటిది, ఒక మడి ఇంకో మడి మీదికి ఎక్కడం. ఇందాక కాగితం మీద రాసుకున్న అంకెలు ఇక్కడ పనికొస్తాయి. ఉదాహరణకు సిస్టం రిజర్వ్‌డ్ 2048లో మొదలై 204800 సెక్టార్లు ఉంటే 206847తో ముగుస్తుంది. తరువాతిది 206848లో మొదలు కావాలి. 206000 అని ఉంటే ఎక్కడో తప్పు పడింది. ప్రతి వరుసకూ మొదలు, సైజు కూడి తరువాతి మొదలుతో పోల్చండి. ఎక్స్‌టెండెడ్ లోపలివి దాని హద్దు దాటాయేమో కూడా చూడండి. విండోస్ ఇటువంటి తప్పును చూసీ చూడనట్లు పోతుంది, లినక్స్ ప్రోగ్రాములు ఒప్పుకోవు. (మొదటి పార్టిషన్ 2048 బదులు 63లో మొదలైతే అది తప్పు కాదు, ఎక్స్‌పీ కాలం నాటి పద్ధతి.)

రెండోది, డిస్కు ఒకప్పుడు జీపీటీగా ఉండి, తరువాత ఎవరో ఎంబీఆర్ పద్ధతిలో విండోస్ వేయడం. పాత జీపీటీ రాతలు చెరగకుండా మిగిలిపోతాయి. ఒకే పొలానికి రెండు పాసు పుస్తకాలన్నమాట. ఫిక్స్‌పార్ట్స్ అనే చిన్న ప్రోగ్రాం ఆ పాత రాతలను గుర్తుపట్టి తీసేస్తుంది. అది జీడిస్క్ ప్యాకేజీతో వస్తుంది.

వీటికంటే ముందు డిస్కు ఆరోగ్యం చూడాలి. "డిస్క్స్" అనే ప్రోగ్రాంలో "స్మార్ట్ డేటా" తెరిస్తే "రీఎలొకేటెడ్", "కరెంట్ పెండింగ్" అనే లెక్కలుంటాయి. కరెంట్ పెండింగ్ సున్నా కాకపోతే ఆ డిస్కు చదవలేకపోతున్న చోట్లు ఉన్నాయి. అప్పుడు పార్టిషన్ల జోలికి పోకుండా ముందు ఫైళ్ళు బయటికి తీయడమే పని. ఆ డిస్కు నిజంగానే మార్చవలసింది.

అన్నీ అయ్యాక లేవకపోతే

ఇన్‌స్టాలర్ చివరలో "బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలి?" అని అడుగుతుంది. ఎంబీఆర్ డిస్కుకు జవాబు ఎస్‌డీఏ. ఎస్‌డీఏ5 కాదు, పెన్‌డ్రైవ్ అసలే కాదు. పెన్‌డ్రైవ్ ఉంటే లేచి, తీస్తే లేవని కంప్యూటర్లకు కారణం ఇదే. పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ లేపి, లినక్స్ పార్టిషన్‌ను "సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ5 /ఎంఎన్‌టీ" అని మౌంట్ చేసి, "సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ --బూట్-డైరెక్టరీ=/ఎంఎన్‌టీ/బూట్ /డెవ్/ఎస్‌డీఏ" అని కొడితే సరిపోతుంది. లినక్స్ తరువాత ఎవరైనా విండోస్ తిరిగి వేసినప్పుడు లినక్స్ మాయమైతే కూడా మందు ఇదే. పోయింది ఆ 446 బైట్ల ప్రోగ్రామే.

2011 తరువాతి యంత్రాలలో బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. డిస్కు ఎంబీఆర్ అయితే అది లేనిది, జీపీటీ అయితే అది ఉన్నది ఎంచుకోండి. విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ ఇంకో పద్ధతిలో ఉంటే మెనూలో ఒకటి కనిపించదు.

"గ్రబ్ రెస్క్యూ" అని నల్ల తెర మీద ఆగితే సాధారణంగా జరిగింది ఇది: ఒక లాజికల్ పార్టిషన్ తీసేశారు, దాని తరువాతి నంబర్లు ఒక్కొక్కటి తగ్గాయి. 6 కాస్తా 5 అయింది, గ్రబ్ మాత్రం ఇంకా 6 దగ్గరే వెతుకుతోంది. "ఎల్ఎస్" కొడితే పార్టిషన్ల జాబితా వస్తుంది. ఒక్కొక్కటి "ఎల్ఎస్ (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/" అని చూస్తూ పోతే ఒకదానిలో ఫోల్డర్లు కనిపిస్తాయి. అప్పుడు "సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)", "సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్", "ఇన్స్‌మాడ్ నార్మల్", "నార్మల్" అని వరుసగా నాలుగు ఆజ్ఞలు. లినక్స్ లేచాక గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్ళీ ఒకసారి చేస్తే శాశ్వతంగా కుదురుతుంది.

చాలా పాత డెస్క్‌టాప్‌లలో "ఎటెంప్ట్ టు రీడ్ ఆర్ రైట్ అవుట్‌సైడ్ ఆఫ్ డిస్క్" అని వస్తే దాని బయోస్ 137 జీబీ దాటి చూడలేకపోతోందని అనుమానించాలి. ఆ హద్దు లోపల 1 జీబీతో "/బూట్" అనే పార్టిషన్ విడిగా ఇచ్చి లినక్స్ వేస్తే పని జరుగుతుంది.

పొరపాటున డి డ్రైవ్ డిలీట్ అయిపోయిందని ఎవరైనా వస్తే, మొదట వాళ్ళను కంప్యూటర్ ముందు నుండి లేపండి. ఆ డిస్కు మీద ఇక ఏమీ రాయకూడదు. పెన్‌డ్రైవ్ లినక్స్‌లో టెస్ట్‌డిస్క్ నడపండి. "ఎనలైజ్", "క్విక్ సెర్చ్", దొరకకపోతే "డీపర్ సెర్చ్". అది డిస్కంతా తిరిగి పాత గట్ల ఆనవాళ్ళు వెతుకుతుంది. దొరికిన దానిమీద "పీ" నొక్కితే లోపలి ఫైళ్ళ పేర్లు కనిపిస్తాయి. మన ఫైళ్ళే అని కళ్ళతో చూశాకే "రైట్" నొక్కాలి. పేర్లు కనిపిస్తున్నంత వరకు ఆశ ఉంది. ఫైళ్ళను ముందుగా బయటి డిస్కుకు కాపీ చేసుకుంటే ఇంకా మంచిది.

కొలతల విషయం కూడా చెప్పి ముగిస్తాను. 160 జీబీ డిస్కులో లినక్స్‌కు 30 జీబీ, స్వాప్‌కు 4 జీబీ చాలు. మిగతాది డి డ్రైవ్‌కే ఉంచండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న డిని లినక్స్ కూడా చదువుతుంది, రాస్తుంది. మీ మెమోలు, సర్టిఫికెట్లు రెండింటిలోనూ తెరుచుకుంటాయి. ప్రాసెసర్ 64 బిట్ అవునో కాదో కూడా చూడండి. కోర్ 2 డుయో యంత్రాలలో 32 బిట్ విండోస్ వేసి ఉన్నా ప్రాసెసర్ 64 బిట్‌దే, ఇప్పటి లినక్స్‌లు ఎక్కుతాయి. నిజంగా 32 బిట్ అయితే 2023లో వచ్చిన డెబియన్ 12 వరకే వెళ్ళాలి, 2025లో వచ్చిన 13కు 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. పని అంతా అయ్యాక కొత్త పార్టిషన్ల అంకెలను మళ్ళీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సీపీయూ క్యాబినెట్ పక్కపలక లోపలివైపు అతికించండి. మీ తరువాత ఆ కంప్యూటర్ తెరిచే తమ్ముడికి ఏ మడి ఎవరిదో తెలుస్తుంది.